శ్రీరామనవమి పందిట్లో ఆడవాళ్ళ చోటు



పాటకచేరీ అంటే పట్నంలో వున్న మనకి హాలూ, కుర్చీలూ, టిక్కెట్లూ గుర్తొస్తాయి. గోదావరి పల్లెల్లో దానికి ఒక తాటాకుల పందిరి చాలు. చైత్రమాసంలో కొన్ని వూళ్ళలో ఉగాది నుంచి నవమిదాకా, కొన్ని వూళ్ళలో నవమినాడు మొదలుపెట్టి, రోజూ రాత్రి హరికథో, పాటకచేరీయో, బుర్రకథో, నాటకమో పెట్టిస్తారు. చంటిపిల్లని వొళ్ళో వేసుకుని, పెద్దపిల్లల కోసం చాప చంకన పెట్టుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళొచ్చు. పిల్ల ఏడ్చిందని ఎవరూ విసుక్కోరు.

ఈ వేడుక వేసవిలో ఇంతగా ఎలా నిలదొక్కుకుందంటారా? పండుగ ఒక కారణం, పంట రెండో కారణం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువల వెంట వరి వచ్చింది. వరితోపాటు చందా ఇచ్చే స్తోమతు వచ్చింది. దాళ్వా సాగు పెరగకముందు, సార్వా ధాన్యం గాదెలకు చేరాక చైత్రానికి పొలం పని తక్కువగా వుండేది. విద్వాంసుడికి సంభావన ఇవ్వడానికి డబ్బూ, కూర్చుని వినడానికి తీరికా ఒక్కసారే కలిసొచ్చేవి.

పందిట్లో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చునేవారు. గురువు దగ్గర సరళీస్వరాలైనా నేర్వని ఇల్లాలు అక్కడ త్యాగరాజ కీర్తన విని, మర్నాడు పొయ్యిదగ్గర కూనిరాగం తీసేది. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) గొప్ప కళగా తీర్చిదిద్దిన హరికథలో సంగీతం, సాహిత్యం, నాట్యం, నీతి అన్నీ వున్నాయి కదా! చదువుకు నోచుకోని ఆడవాళ్ళకు అదే బడి.

కాని వినడం వేరు, వేదిక ఎక్కడం వేరు. నలుగురిలో పాడి ఆడే స్త్రీలు ఆ రోజుల్లో ఎక్కువగా కళావంతుల కుటుంబాలవారే. వారి విద్యని మెచ్చుకున్న సంఘం వారికి గౌరవం మాత్రం ఇవ్వలేదు. రాజమండ్రిలో వీరేశలింగంగారి కాలం నుంచీ సంస్కర్తలు భోగంమేళాలను వ్యతిరేకించారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఒక దురాచారం పోయింది, మంచిదే. కాని దానితో ఎందరో విదుషీమణుల విద్య కూడా మరుగున పడింది. సంసారుల ఇళ్ళలో ఆడవాళ్ళ సంగీతం చాలామటుకు గడప దాటలేదు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించేవారు. బిడ్డ పొత్తిళ్ళలో వుండగానే ఆవిడ కన్నుమూశారు. కొడుకు ఎనిమిదో ఏట విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో పాడితే, పేరుకు ముందు "బాల" అని చేర్చింది హరికథా విద్వాంసులు ముసునూరి సత్యనారాయణగారు. కొడుకు పాట దేశమంతా విన్నది. తల్లి వీణ ఎందరు విన్నారు?

ఆ గడప దాటించే పని గోదావరి వొడ్డునే జరిగింది. కపిలేశ్వరపురంలో 1970ల్లో సర్వరాయ హరికథా పాఠశాల వెలిసింది. అక్కడ ఆడపిల్లలు చిడతలు పట్టి, గజ్జె కట్టి, కథ చెప్పడం నేర్చుకున్నారు. మచిలీపట్నానికి చెందిన డి. ఉమామహేశ్వరిగారు అక్కడే నేర్చుకుని, సంస్కృతంలో సైతం హరికథలు చెప్పి, 2024లో పద్మశ్రీ అందుకున్నారు. పందిట్లో ఒక పక్కన కూర్చున్న అమ్మమ్మల తరువాత, మనవరాళ్ళు మధ్యకొచ్చి నిలబడ్డారన్నమాట.

అందుచేత, అమ్మా, నవమికి పుట్టింటికో అత్తింటికో వెళ్ళినప్పుడు పానకం, వడపప్పు పుచ్చుకుని వచ్చేయకండి. రాత్రి హరికథకి కూర్చోండి. మీ అమ్మాయిని ముందు వరసలో కూర్చోబెట్టండి. నిద్రొస్తే అక్కడే చాపమీద పడుకుంటుంది. పొద్దున్న లేచి చెంగు నడుముకి చుట్టి, రెండు గరిటెలు చిడతల్లా వాయిస్తూ కథ మొదలుపెడితే మాత్రం, "ఆపవే గోల" అనకండేం!