చిత్రములోని స్త్రీ, చిత్రించిన స్త్రీ

అమరచింత సంస్థానమునకు రాజధానిగా నుండిన మా ఆత్మకూరునందుఁ గాని, తక్కిన తెలుఁగునాటఁ గాని, రవివర్మ బొమ్మల నెఱుఁగని చదువరులు అరుదు. 1894లో ఆయన బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయము మూలమున పురాణస్త్రీలు సామాన్యుల గోడల నెక్కిరి. హంస పలుకు లాలకించు దమయంతిని చూచి మనము మురియుదుము. ఆమెయే పిమ్మట అడవిలో నిద్రించుచుండఁగా నలుఁడు విడిచిపోయిన యిల్లాలు గదా!

ఇట్టి కథ గ్రీకులకును గలదు. క్రీటు రాజపుత్రియైన ఆరియాడ్నీ దారపుఁ జుట్టనిచ్చి థీసియసును చిక్కుదారుల చెఱనుండి తప్పించెను. అతఁడో, నాక్ససు ద్వీపమున నిద్రించుచున్న యామెను విడిచి ఓడ నెక్కెను.

పదునెనిమిదవ శతాబ్దమున హెర్క్యులేనియము, పాంపే నగరముల త్రవ్వకములు ఐరోపా చిత్రకారుల దృష్టిని ప్రాచీనుల వైపు మరల్చెను. వారు విలాసచిత్రముల విడిచి, శిల్పమువలె నిశ్చలమైన రూపములను, గంభీరములైన కథలను గైకొనిరి. 1783లో ఫ్రాన్సు దేశీయుఁడైన డేవిడ్, హెక్టరు శవముకడ శోకించు ఆండ్రోమకిని చిత్రించెను. అంతకు ముందే, 1764లో పెనిలోపీని, 1774లో ఆరియాడ్నీని ఏంజెలికా కౌఫ్మన్ అను స్త్రీ చిత్రించెను. ఆమె పెనిలోపీ మగ్గముకడఁ గూర్చుండి భర్త రాకకై వేచియున్నది. ఆమె ఆరియాడ్నీ దూరమున ఓడ సాగిపోవుచుండఁగా విలపించుచున్నది.

కౌఫ్మన్ 1741లో స్విట్జర్లండునఁ బుట్టి తండ్రికడ చిత్రలేఖనము నభ్యసించెను. 1768లో లండనున రాజకీయ కళాపరిషత్తు ఏర్పడినప్పుడు దాని స్థాపకసభ్యులలో స్త్రీలిద్దఱే: ఈమెయు, మేరీ మోజరును. గౌరవము దక్కినది గాని, మానవదేహమును చూచి గీయు తరగతిలో వారికిఁ బ్రవేశము లేదు. వీరకథలను చిత్రించుటకు మూలమైన విద్యయే యది! జోఫనీ యను చిత్రకారుఁడు ఆ తరగతిలో సభ్యులు గూడినట్లు ఒక పటము వ్రాసెను. అందు పురుషులు తరగతిలోనే యున్నారు. ఈ యిద్దఱు స్త్రీలు మాత్రము గోడకుఁ దగిలించిన బొమ్మలై యున్నారు. మరల నొక స్త్రీ, లారా నైట్, ఆ పరిషత్తునఁ బూర్ణసభ్యురాలగుటకు 1936 వఱకు, అనఁగా 168 ఏండ్లు, పట్టెను.

చదువరులారా, ఇది పరదేశపుఁ దప్పని మనము నవ్వుకొనఁ దగునా? దమయంతి బొమ్మకు చట్టము కట్టించిన యింటనే, పలకపై హంసను గీచుకొను బాలికను "ఈ గీతలు కూడు పెట్టునా?" యని గద్దించుట మేము పలుమాఱు వింటిమి. అదే పని బాలుఁడు చేసిన, వాని నేర్పును వచ్చినవారికెల్లఁ జూపుదుము. స్త్రీని గోడపై నుంచి గౌరవించుట మనకుఁ జిరకాలముగఁ దెలియును. ఆమె చేతికిఁ గుంచె నిచ్చి, ఏ తరగతి తలుపును మూయకుండుటయే మన మింకను నేర్వవలసిన మర్యాద.