పీయూసీనా, ఇంటరా? బళ్లారి తెలుగు కుటుంబాలు ముందే వేసుకోవాల్సిన లెక్కలు

ఎస్‌ఎస్‌ఎల్‌సీ ఫలితాలు వచ్చిన వారంలో బళ్లారి, సిరుగుప్ప, కురుగోడు వైపు తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లవాణ్ని ఇక్కడే పీయూసీలో చేర్చాలా, కర్నూలుకో అనంతపురానికో ఇంటర్‌కు పంపాలా? మేనమామ ఆదోనిలో ఉన్నాడంటారు. పక్కింటివాళ్ల అబ్బాయి అక్కడ చదివే ఇంజినీరింగ్‌లో చేరాడంటారు. చివరికి ఎవరి మాట గట్టిగా వినపడితే అటు నిర్ణయం జరిగిపోతుంది. రెండేళ్ల తర్వాత సీటు కోసం దరఖాస్తు నింపేటప్పుడు గానీ అసలు ప్రశ్న ఎదురుకాదు: ఈ బిడ్డ ఏ రాష్ట్రం విద్యార్థి?

మనకు కౌన్సెలింగ్ అంటే సీట్ల కేటాయింపు అనే అర్థమే స్థిరపడిపోయింది. అంతకు నాలుగైదేళ్ల ముందే, హైస్కూల్లో ఉండగానే, పిల్లలకూ తల్లిదండ్రులకూ అందాల్సిన సలహా ఒకటుంది. ఆ సలహాలో సరిహద్దు జిల్లా కుటుంబాలకు ప్రత్యేకంగా కావాల్సిన అంశాలను ఇక్కడ ఒకచోట చేర్చాం.

చిక్కు ఎక్కడ మొదలైంది

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. బళ్లారితో సహా మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. పెళ్లి సంబంధాలు, పొలాలు, సంతలు మాత్రం గీతకు రెండువైపులా అలాగే ఉన్నాయి. అందుకే చదువు కోసం అటు వెళ్లడం మనకు ఊరు మారినట్టే అనిపిస్తుంది గానీ రాష్ట్రం మారినట్టు అనిపించదు. నిబంధనలు మాత్రం రాష్ట్రం మారినట్టే చూస్తాయి. ఆ నిబంధనల్లో మాతృభాష ప్రస్తావన లేదు. ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు అన్నదే లెక్క.

కర్ణాటక లెక్క: ఏడేళ్లు, ఒక బోర్డు పరీక్ష

ఇంజినీరింగ్ వంటి వృత్తి కోర్సుల ప్రభుత్వ సీట్లను కర్ణాటక పరీక్షా ప్రాధికార సంస్థ, అంటే కేఈఏ, కేటాయిస్తుంది. సాధారణంగా మన పిల్లలకు వర్తించేది అర్హతల్లో మొదటి క్లాజు. దాని ప్రకారం ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ వరకు కనీసం ఏడు విద్యా సంవత్సరాలు కర్ణాటకలోని గుర్తింపు పొందిన సంస్థల్లో చదివి ఉండాలి. దాంతోపాటు ఎస్‌ఎస్‌ఎల్‌సీ లేదా రెండో పీయూసీ, ఈ రెండింటిలో ఒకటైనా కర్ణాటక నుంచే పాసై ఉండాలి. ఒక తరగతిని రెండేళ్లు చదివినా ఒక సంవత్సరంగానే లెక్కిస్తారు.

ఆంధ్ర లెక్క: వరుసగా నాలుగేళ్లు

ఆంధ్రప్రదేశ్‌లో రాజ్యాంగం 371(డీ) అధికరణం, దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికతను నిర్ణయిస్తాయి. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ స్థానిక ప్రాంతంలో చదివినవారిని స్థానికులుగా పరిగణిస్తారు. 85 శాతం సీట్లు వాళ్లవి. రెండేళ్ల ఇంటర్ చదివినంత మాత్రాన మన పిల్లలు అక్కడ స్థానికులు కారు.

మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకూ షరతులున్నాయి. అయితే అందులో ఒకటి మన ఇళ్లకు పనికొచ్చేది. తల్లిదండ్రుల్లో ఒకరు, ఉద్యోగం కోసం బయట ఉన్న కాలాన్ని మినహాయించి, మొత్తం పదేళ్లు ఆ రాష్ట్రంలో నివసించి ఉంటే పిల్లలు ఆ సీట్లకు పోటీ పడవచ్చు. అమ్మ పుట్టిల్లు ఆలూరో రాయదుర్గమో అయి, పెళ్లిదాకా అక్కడే పెరిగివుంటే ఆమె నివాస ధ్రువపత్రం కోసం అక్కడి తహసీల్దారు కార్యాలయంలో అడగండి. చాలా ఇళ్లలో ఈ ఆలోచనే రాదు.

నలుగురు పిల్లలు, నాలుగు ఫలితాలు

రెండు లెక్కలనూ పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది.

మొదటి పిల్ల పది, పీయూసీ ఇక్కడే చదివింది. కర్ణాటకలో పూర్తి అర్హత ఉంటుంది.

రెండో పిల్లవాడు పదో తరగతి ఇక్కడ పాసై, ఇంటర్ కర్నూల్లో చదివాడు. పదేళ్ల చదువు, ఎస్‌ఎస్‌ఎల్‌సీ ఇక్కడివే కాబట్టి పై క్లాజు ప్రకారం కర్ణాటక అర్హత నిలుస్తుంది. ఆంధ్రలో స్థానికత రాదు.

మూడో పిల్ల ఎనిమిది వరకు ఇక్కడ చదివి, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు అనంతపురంలో చదివింది. ఆంధ్రలో స్థానికురాలవుతుంది. ఇక్కడ ఎనిమిదేళ్లు చదివినా ఒక్క బోర్డు పరీక్షా ఇక్కడిది కాదు గనుక కర్ణాటకలో ఈ క్లాజు వర్తించదు.

నాలుగో పిల్లవాడు తొమ్మిది వరకు ఇక్కడ చదివాడు. పదిలో మంచి మార్కులు వస్తాయని అటు పంపారు, ఇంటర్ కూడా అక్కడే చదివాడు. ఇక్కడ తొమ్మిదేళ్లున్నా బోర్డు పరీక్ష లేదు. అక్కడ మూడేళ్లే ఉన్నాయి, నాలుగు లేవు. మరో నిబంధన ఏదైనా ఆదుకుంటే తప్ప రెండుచోట్లా తలుపు మూసుకుంటుంది. తొమ్మిది తర్వాత బడి మార్చాలనుకునేవాళ్లు ఈ ఉదాహరణను రెండుసార్లు చదవాలి.

కల్యాణ కర్ణాటక హక్కు

2012 నాటి 98వ రాజ్యాంగ సవరణ చట్టంతో 371(జే) అధికరణం వచ్చింది. దాని కింద అప్పటి హైదరాబాద్ కర్ణాటక ప్రాంతానికి, అంటే నేటి కల్యాణ కర్ణాటకకు, ప్రత్యేక రిజర్వేషన్లు అమలవుతున్నాయి. బళ్లారి అందులో ఒకటి. బళ్లారి నుంచి 2021లో విడిపోయిన విజయనగర జిల్లాకూ ఇది వర్తిస్తుంది. ప్రాంతంలోని విద్యా సంస్థల్లో 70 శాతం, రాష్ట్రవ్యాప్త సంస్థల్లో 8 శాతం సీట్లు స్థానికులకు దక్కుతాయి. బళ్లారిలో 1961లో మొదలై విమ్స్‌గా పేరుపడ్డ ప్రభుత్వ వైద్య కళాశాల, ఆర్‌వైఎంఈసీ, బీఐటీఎం వంటి ఇంజినీరింగ్ కళాశాలల్లో సీటు కోరేవాళ్లకు ఇది పెద్ద అండ.

ఇంట్లో తెలుగు మాట్లాడతాం కాబట్టి మనకు రాదేమోనని కొందరు దరఖాస్తే చేయరు. అది అపోహ. పుట్టుక, పదేళ్ల నివాసం, తల్లిదండ్రుల స్థానికత వంటివే ఆధారాలు. సర్టిఫికెట్‌ను ఉపవిభాగపు అసిస్టెంట్ కమిషనర్ ఇస్తారు. పరీక్షల వేళ పరుగులు పెట్టకుండా తొమ్మిదిలోనో పదిలోనో ఉండగానే తీసుకోవాలి.

మరో రెండు కోటాలు కూడా చదువు చరిత్ర మీదే ఆధారపడతాయి. ఒకటి నుంచి పది వరకు కర్ణాటక గ్రామీణ ప్రాంతంలో చదివినవారికి 15 శాతం, పదేళ్లూ కన్నడ మాధ్యమంలో చదివినవారికి 5 శాతం ఉన్నాయి. ఇంటి భాష తెలుగు అయినంత మాత్రాన కన్నడ మాధ్యమ కోటా పోదు. కానీ మధ్యలో ఒక్క ఏడాది అటు వెళ్లినా రెండూ పోతాయి. ఈ స్టడీ సర్టిఫికెట్లపై బీఈఓ సంతకం కూడా కావాలి.

కులం ఒకటే, జాబితా వేరు

షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలను 341, 342 అధికరణాల కింద రాష్ట్రాలవారీగా ప్రకటిస్తారు. లంబాణీలు కర్ణాటకలో షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. గీతకు అటు ఉన్న సుగాలీ, లంబాడీ బంధువులు షెడ్యూల్డు తెగలలో ఉన్నారు. బేడ, వాల్మీకి, నాయక వర్గాలు ఇక్కడ షెడ్యూల్డు తెగలు. రాయలసీమలో బోయలు బీసీలు. బంధువుల పిల్లలకు వచ్చిన కోటా మన పిల్లలకూ అక్కడ వస్తుందని అనుకోవద్దు. సొంత రాష్ట్రం జాబితా ప్రకారం ఇచ్చిన సర్టిఫికెట్ పక్క రాష్ట్రం రాష్ట్ర కోటాలో చెల్లదు. ఇక్కడ కుల, ఆదాయ పత్రాలకు నాడకచేరిలో దరఖాస్తు చేయాలి. వాటిపై ఉండే ఆర్‌డీ సంఖ్యను కేఈఏ దరఖాస్తులో నింపాలి కాబట్టి జాగ్రత్త చేసుకోండి.

పది తర్వాత దారులు

పీయూసీ రెండేళ్లు. సైన్స్, కామర్స్, ఆర్ట్స్ విభాగాల్లో రెండు భాషలు, నాలుగు ఐచ్ఛిక విషయాలు, మొత్తం 600 మార్కులు ఉంటాయి. కర్ణాటక ఇంజినీరింగ్ ర్యాంకుకు పీయూసీ భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల మార్కులకు సగం, సీఈటీ మార్కులకు సగం విలువ ఇస్తారు. ప్రవేశ పరీక్ష ఒక్కటే చాలని కాలేజీ చదువును పక్కనపెడితే నష్టం ఇక్కడే. వైద్య విద్యకు నీట్ తప్పనిసరి. వ్యవసాయ కోర్సులకు రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది, దానికి ప్రాక్టికల్ పరీక్ష రాయాలి.

పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. పూర్తయ్యాక డీసీఈటీ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. తోరణగల్లు ఉక్కు కర్మాగారం, సండూరు గనులు ఉన్న జిల్లాలో ఇది చిన్నచూపు చూడాల్సిన దారి కాదు. త్వరగా సంపాదనలో పడాల్సిన ఇళ్లకు ఐటీఐ ఉంది.

పది తప్పినా ఏడాది పోయినట్టు కాదు. ఇప్పుడు కర్ణాటకలో ఎస్‌ఎస్‌ఎల్‌సీకి, రెండో పీయూసీకి ఏడాదిలో ఒకటికి మించి పరీక్షలు జరుగుతున్నాయి. మళ్లీ రాస్తే మెరుగైన మార్కులు నిలుస్తాయి.

తెలుగు ఎక్కడ నిలుస్తుంది

ఎస్‌ఎస్‌ఎల్‌సీలో 125 మార్కుల ప్రథమ భాషగా తెలుగు ఉంది. పీయూసీ భాషల జాబితాలోనూ ఉంది. అయితే మీ బడిలో, కాలేజీలో బోధించేవారు ఉన్నారా అన్నది చేరేముందే అడగాలి. కన్నడను మాత్రం వదులుకోవద్దు. ఈ రాష్ట్రంలో ఉద్యోగానికీ, ఆఫీసు పనికీ అది కావాలి.

నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు గానీ ఆ ఎంపిక ఆంధ్ర, తెలంగాణ పరీక్షా కేంద్రాలకే. బళ్లారిలో రాస్తే ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ, కన్నడల్లో ఒకటి ఎంచుకోవాలి. పీయూసీ సైన్స్ చదువు చాలావరకు ఇంగ్లిష్‌లోనే సాగుతుంది. కన్నడ, తెలుగు మాధ్యమాల పిల్లలు మొదటి మూడు నాలుగు నెలలు తడబడతారు. వేసవి సెలవుల్లోనే శాస్త్ర పదాలు ఇంగ్లిష్‌లో అలవాటు చేయించండి. ఆ తడబాటును తెలివితక్కువతనంగా చూడకండి.

సలహా ఎవరిని అడగాలి

అన్ని హైస్కూళ్లలో దీనికోసమే నియమించిన కౌన్సెలర్ ఉండరు. తరగతి ఉపాధ్యాయుడు, హెడ్‌మాస్టరు, బీఈఓ కార్యాలయం మొదటి మెట్లు. అడిగేటప్పుడు ఏం చేర్చాలి అని కాక మూడు ప్రశ్నలు వేయండి: మా బిడ్డ దేంట్లో బాగున్నాడు, ఏది చూసి భయపడుతున్నాడు, ఆ కోర్సుకు మొత్తం ఎంత ఖర్చవుతుంది? బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

హాస్టల్లో చేర్చిన పిల్లలు సరిగా నిద్రపోవడం లేదన్నా, ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడుతున్నా తేలిగ్గా తీసుకోవద్దు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవలో తెలుగులోనూ మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఆపదలో ఉన్న పిల్లలకు 1098 ఉంది.

తరగతి వారీగా చేయాల్సినవి

ఎనిమిదిలో: ప్రభుత్వ, ఎయిడెడ్ బడి పిల్లలు ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాయాలి. కుటుంబ వార్షిక ఆదాయం 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి రూ.12,000 వస్తుంది.

తొమ్మిదిలో: బడి మార్చే ఆలోచన ఉంటే పై నాలుగు ఉదాహరణల్లో మీ బిడ్డ ఎక్కడ పడతాడో చూసుకోండి. 371(జే), కుల, ఆదాయ సర్టిఫికెట్లకు దరఖాస్తు చేయండి.

పదిలో: మార్కుల కార్డులో, ఆధార్‌లో, కుల సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉందా చూడండి. ఇంటిపేరు మనం ముందు రాస్తాం, ఇక్కడి రికార్డుల్లో ఒక్కోసారి చివర చేరుతుంది. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.

ఫలితాల తర్వాత: చదివిన ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి. ఫీజు కట్టే ముందు ఆ ఏడాది కేఈఏ సమాచార పుస్తకంలో అర్హతల పేజీని, అటు పంపదలిస్తే ఆంధ్ర ప్రవేశాల పుస్తకంలో స్థానికత పేజీని బిడ్డతో కలిసి చదవండి.