తేటనీరు, మంచినీరు: ఇంటి అక్వేరియం వడపోత చరిత్ర

నీటిని శుభ్రపరచడానికి తెలుగునాట రెండు పనులు తరతరాలుగా వాడుకలో ఉన్నాయి. ఒకటి వడకట్టడం, అంటే గుడ్డ, ఇసుక, బొగ్గు వంటివాటి గుండా నీటిని పంపి నలుసులను ఆపడం. రెండవది తేర్చడం, అంటే చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి ఆ గంధంతో బురదను అడుగుకు దించడం. రెండింటి ఫలితమూ తేటనీరే. తేటపడిన నీరు అందులో బతికే ప్రాణికి మంచినీరు కాకపోవచ్చునన్న సంగతి మాత్రం, చేపలను గాజుతొట్టిలో పెట్టి ఇంట్లో పెంచే అలవాటు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో వ్యాపించిన తరువాతనే గట్టిగా ఎదురైంది. చేప తిన్న మాంసకృత్తుల నుంచి మిగిలే నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల ద్వారా అమ్మోనియాగా నీటిలోకి వెలువడుతుంది. దానికి రంగు లేదు, ఏ ఇసుకలోనూ నలుసులాగా చిక్కదు, కొద్దిపాటి మోతాదులోనే మొప్పలను దెబ్బతీస్తుంది. ఏటిలో అది ప్రవాహంతో పోతుంది, చెరువులో విశాలమైన నీటిలో పలచబడుతుంది. తొట్టిలో పోవడానికి దారి లేదు. ఇంటి అక్వేరియం వడపోతకు సంబంధించిన చరిత్ర యావత్తూ ఈ కనిపించని వ్యర్థాన్ని గుర్తించడానికి పట్టిన కాలపు చరిత్రే.

బ్రిటన్‌లో గాజుపై పన్ను 1845లో రద్దయి, గాజు పలకలు మధ్యతరగతి ఇళ్లకు అందుబాటులోకి రావడంతో ఈ అలవాటుకు దారి ఏర్పడింది. 1846లో టార్కీ తీరం నుంచి రాతిపగడాలను లండన్‌కు తెచ్చుకున్న అన్నా థిన్, సముద్రపు నీటిని మాటిమాటికీ తెప్పించుకోవడం సాధ్యం కాక, ఉన్న నీటినే తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలో నుంచి మరొక పాత్రలోకి ధారగా పోయిస్తూ దానికి గాలి పట్టించేది. తరువాత సముద్రపు నాచును కూడా చేర్చి ఆ జీవులను బతికించగలిగింది. ఆ ధార పోసిన చేతులు ఇంటి పనిమనిషివి. నేడు ప్రతి తొట్టి పక్కనా బుసబుసమనే ఎయిర్ పంపు చేసే పనిని తొలుత చేసింది ఆ స్త్రీ భుజబలమే గనుక, ఈ చరిత్రలో ఆమెకు చోటివ్వడం న్యాయం.

అదే కాలంలో లండన్‌లోని అపోతికరీస్ హాల్‌లో, అంటే ఔషధాలు తయారుచేసే వృత్తిసంఘపు భవనంలో, రసాయనికుడుగా ఉన్న రాబర్ట్ వారింగ్‌టన్ 1849లో ఒక ప్రయోగం మొదలుపెట్టి, మరుసటి సంవత్సరం దాని వివరాలను కెమికల్ సొసైటీకి సమర్పించాడు. పన్నెండు గాలన్లు, అంటే దాదాపు 55 లీటర్లు పట్టే గాజుపాత్రలో అతడు రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లను, రిబ్బను వంటి పొడుగాటి ఆకులతో నీటి అడుగున పెరిగే వాలిస్నేరియా మొక్కను ఉంచాడు. చేప వదిలే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంటుందని, మొక్క వదిలే ప్రాణవాయువును చేప పీల్చుకుంటుందని, కాబట్టి నీరు మార్చే అవసరం ఉండదని అతని లెక్క. లెక్క సరైనదే అయినా, కొంతకాలానికి ముదిరిన ఆకులు కుళ్లి, వాటి జిగురుతో నీరు మసకబారింది. అప్పుడు అతడు కొన్ని మంచినీటి నత్తలను వదలగా, అవి కుళ్లిన ఆకును, జిగురును తిని శుభ్రం చేయడమే కాక, వాటి గుడ్లు చేపలకు ఆహారంగానూ పనికివచ్చాయి. మూడు జీవుల ఈ కూర్పే తరువాతి కాలంలో సమతుల అక్వేరియం అన్న పేరుతో ఒక సిద్ధాంతంగా స్థిరపడింది. దీనిలో నాలుగో భాగస్వామి కూడా ఉందని వారింగ్‌టన్‌కు తెలియదు. పాత్ర అడుగున పరచిన ఇసుక, రాళ్ల మీద సూక్ష్మజీవులు అతడు ఆహ్వానించకుండానే స్థిరపడి ఉండాలి.

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల తెరుచుకోవడం, 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకం ద్వారా అక్వేరియం అన్న మాట ప్రచారంలోకి రావడంతో అది ఇంటింటి మోజు అయింది. మోజుతో పాటు చావులూ పెరిగాయి. మొక్క ఉన్నది కదా అన్న ధీమాతో చిన్న తొట్టిలో ఎక్కువ జీవులను నింపినవారికి నీరు కంపుకొట్టడం, చేపలు పైకి తేలిపోవడం నిత్యానుభవమైంది. ఈ స్థితికి విరుగుడు చూపినవాడు, లండన్‌లోని పోర్ట్‌లండ్ రోడ్డులో అక్వేరియం సామగ్రి దుకాణం నడిపిన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. ప్రదర్శన తొట్లకన్నా చాలా పెద్దదైన నీటి నిల్వను నేలమాళిగలో చీకటిలో ఉంచి, పంపులతో ఆ నీటిని పై తొట్లలోకి, తొట్లలో నుంచి తిరిగి కిందికి ఎడతెగకుండా తిప్పాలన్నది అతని సూత్రం. హాంబర్గ్‌లోనూ, 1871లో తెరుచుకున్న లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలోనూ అతడు దీనిని అమలుచేసి చూపాడు. నీరు పలచగా పారేటప్పుడు గాలి పడుతుందని, చీకటిలో పచ్చినాచు పెరగదని అతడు చెప్పిన కారణాలు నిజమైనవే. వాటితో పాటు, నీరు నిరంతరం రాసుకుంటూ పోయే గొట్టాలు, గోడలు సూక్ష్మజీవులకు ఆవాసాలుగా మారడం మరొక కారణమని చెప్పగలిగే విజ్ఞానం అప్పటికి లేదు.

ఆ విజ్ఞానం మరొక చోట, మరొక పనిలో పుట్టింది. దానికి పాటుపడినవారిలో ఒకడు వారింగ్‌టన్ కుమారుడే. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు రసాయనికులు, ఇసుకా సున్నపురాయీ నింపిన గొట్టం గుండా మురుగునీటిని మెల్లగా పంపి, కొన్ని రోజుల తరువాత అందులోని అమ్మోనియా నైట్రేటుగా మారడం గమనించారు. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరిని పంపితే ఆ మార్పు ఆగిపోయింది గనుక, దానిని చేస్తున్నది రసాయనం కాదని, ప్రాణమున్న పదార్థమని తేలింది. నైట్రీకరణం అని పిలిచే ఈ ప్రక్రియను, తండ్రి ప్రయోగశాలలోనే రసాయనశాస్త్రంలో ఆరితేరిన చిన్న రాబర్ట్ వారింగ్‌టన్, ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1878 నుంచి 1891 వరకు ఓపికగా పరీక్షించాడు. ఈ మార్పు చీకటిలో సాగుతుందని, వెలుతురు దానిని అడ్డుకుంటుందని అతడు గుర్తించాడు. అమ్మోనియా మొదట నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా రెండు అంచెలలో మారుతుందని, ఒక్కొక్క అంచెకు వేరువేరు జీవి ఉందని నిరూపించాడు. నైట్రైటు కూడా చేపకు విషమే, రక్తం ప్రాణవాయువును మోయకుండా అది అడ్డుపడుతుంది. నైట్రేటు మాత్రం చాలావరకు నిరపాయం. ఆ జీవులను విడదీసి పెంచడం అతనివల్ల కాలేదు. సేంద్రియ పదార్థంతో చేసిన జెల్లీ మీద అవి పెరగవని గ్రహించి, 1890లో జూరిక్‌లో ఆ పని సాధించిన ఘనత సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీది.

తండ్రి గాజుపాత్రలో ఎదురైన చిక్కుకు సమాధానం కొడుకు సీసాలలో దొరికినా, పొలం మట్టి గురించి జరిగిన ఆ పరిశోధన చేపలు పెంచేవారి చెవిన పడటానికి మరో అరవై, డెబ్బై ఏళ్లు పట్టడం ఈ చరిత్రలో అత్యంత విచారకరమైన ఘట్టం. ఊళ్లకు తాగునీరు అందించేవారు అంతకన్నా త్వరగా మేల్కొన్నారు. 1892లో హాంబర్గ్‌లో కలరా సోకి 8,000 మందికి పైగా మరణించగా, అదే ఎల్బ్ నది నీటిని అంతకన్నా దిగువన తోడుకుంటున్న పక్క పట్టణం ఆల్టోనా, నీటిని ఇసుక పడకల గుండా మెల్లగా వడకడుతూ ఉండటంవల్ల చాలావరకు తప్పించుకుంది. ఇసుక పైభాగాన ఏర్పడే జీవపొర, అంటే సూక్ష్మజీవులు తమ జిగురుతో అల్లుకునే పలుచని పొర, ఆ రక్షణకు మూలం. గోదావరి జిల్లాలలో కాలువనీటిని వేసవి కోసం నిలువచేసే మంచినీటి చెరువుల పక్కన నేటికీ కనిపించే ఫిల్టర్ బెడ్లు ఈ కోవకు చెందినవే. ఇసుకను పూర్తిగా ఎత్తి కడిగితే నీటి నాణ్యత కొన్నాళ్లపాటు పడిపోతుందన్నది వాటిని నడిపేవారికి తెలిసిన విషయం.

ఇళ్లలో మాత్రం కరెంటు వచ్చి, చిన్న గాలిపంపులు చవకైన తరువాత వాడుకలోకి వచ్చిన, గాజునారతో, బొగ్గుతో నింపిన పెట్టె ఫిల్టరు కనిపించే మురికిని ఆపే పరికరంగానే అమ్ముడుపోయింది. బొగ్గు తన సూక్ష్మరంధ్రాల గోడలకు రంగును, వాసనను అంటించుకుంటుంది. అధిశోషణం అనే ఈ గుణంవల్ల నీరు అద్దంలా మెరుస్తుంది, అమ్మోనియా మాత్రం దాదాపు అలాగే ఉండిపోతుంది. యజమానులు వారంవారం నారను పారేసి కొత్తది పెట్టేవారు, దానితో పాటు అప్పుడప్పుడే కుదురుకుంటున్న సూక్ష్మజీవులనూ పారేసేవారు. అయినా అనుభవజ్ఞులైన పెంపకందారులు పాతబడిన తొట్టి నీటికి ఒక మహిమ ఉందని నమ్మి, దానిని భద్రపరచి కొత్త తొట్లలో కలిపేవారు. మహిమ నిజమే, దాని చోటే వేరు. అది నీటిలో కన్నా పాతబడిన రాళ్ల మీద ఉంది.

మలుపు 1950లలో వచ్చింది. ఆ దశాబ్దంలో అమెరికాలో ప్రాచుర్యం పొందిన గులకల అడుగు ఫిల్టరు, చీలికలున్న ఒక ప్లాస్టిక్ పలకను తొట్టి అడుగున పరచి, దాని మీద రెండు మూడు అంగుళాల గులకరాళ్లు పోసి, పలక మూలలో నిలబెట్టిన గొట్టంలోకి గాలిబుడగలు వదిలే ఏర్పాటు. బుడగలు పైకి పోతూ గొట్టంలోని నీటిని తమతో లాక్కుపోగా, ఆ ఖాళీని నింపడానికి తొట్టి నీరంతా గులకల సందుల గుండా కిందికి దిగుతుంది. ప్రతి గులకరాయి చుట్టూ జీవపొర ఏర్పడి, పడక మొత్తం ఫిల్టరు అవుతుంది. చౌకదనంలో దీనికి సాటి లేదు. సందుల్లో మడ్డి పేరుకుపోవడం, మొక్కల వేళ్లకు ఇబ్బంది కలగడం, కరెంటు పోయినప్పుడు కొన్ని గంటలలోనే పడకలో ప్రాణవాయువు అడుగంటడం దీని లోపాలు. మూడవది కరెంటు కోతలున్న ఊళ్లలో పెంచేవారిని ఎక్కువగా బాధించింది.

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రం నుంచి తెచ్చిన జీవమున్న రాళ్లతో, సన్నని గాలిబుడగలతో, వేరే ఫిల్టరేదీ లేకుండా సముద్రజీవులను పోషించే పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. ఆ దశాబ్దంలోనే జర్మనీలో ఐహైమ్ సంస్థ, నీటిని తొట్టి వెలుపలి మూసిన డబ్బాలోకి లాగి, పొరలు పొరలుగా పేర్చిన వడపోత సామగ్రి గుండా తిప్పి పంపే ఫిల్టరును వాడుకలోకి తెచ్చింది. 1970లో వెలువడిన స్టీఫెన్ స్పాటె గ్రంథం జీవసంబంధమైన వడపోతకు, నలుసులను ఆపే వడపోతకు, రసాయనిక వడపోతకు వేరువేరు అధ్యాయాలు కేటాయించి, జీవసంబంధమైన దానికే ముందు స్థానం ఇచ్చింది. రోథామ్‌స్టెడ్ పరిశోధనలు చేపల తొట్టిని చేరడం అప్పటికి పూర్తయిందనవచ్చు.

ఇంటి చిన్న తొట్టిలో వడపోతను మెరుగుపరచడం అంటే ఏమిటో కూడా దీనితో స్థిరపడింది. జీవపొర పట్టడానికి ఉపరితలం ఎక్కువ కావాలి; ముప్ఫై నలభై లీటర్ల తొట్టికి మామూలు స్పాంజ్ ఫిల్టరు చాలినంత పని చేయడం అందువల్లనే. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారడానికి సుమారు నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది గనుక, స్పాంజి గుండా నీరు ఆగకుండా పారాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది గనుక, స్పాంజిని తొట్టి నుంచి తోడిన నీటిలోనే పిండాలి. కొత్త తొట్టిలో ఈ జీవులు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. కొన్న రోజునే డజను చేపలు వదిలితే అవి చనిపోవడానికి కారణం ఎక్కువగా ఇదే. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా ఇళ్లలో వాడే క్షారగుణపు బోరునీటిలో మరొక ప్రమాదం ఉంది. 25 డిగ్రీల వేడిమి దగ్గర పీహెచ్, అంటే ఆమ్లక్షార గుణపు కొలత, 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒకపాలు కన్నా తక్కువ. పీహెచ్ 8 అయితే అది దాదాపు అయిదు పాళ్లకు పెరుగుతుంది. అంటే ఒకే ఫిల్టరు, ఒకే లెక్కన చేపలు ఉన్న రెండు ఇళ్లలో, బోరునీరు వాడే ఇంట అజాగ్రత్తకు తక్కువ అవకాశం ఉంటుంది.

ఫిల్టరులో నైట్రీకరణం చేసే జీవుల పేర్లు కూడా ఇటీవల మారాయి. వినోగ్రాడ్‌స్కీ వేరుచేసిన నైట్రోబాక్టరే నైట్రైటును మారుస్తుందని పాఠ్యపుస్తకాలు శతాబ్దంపాటు చెప్పగా, 1998లో మంచినీటి అక్వేరియంలను పరీక్షించిన తిమోతీ హొవనెక్ బృందం అందుకు కారణం నైట్రోస్పైరా జాతిని పోలిన జీవులని చూపింది. 2011లో కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇళ్లలోని ఎన్నో ఫిల్టర్లలో అమ్మోనియాను మార్చే పనిలో ఆర్కియాలు, అంటే బాక్టీరియాను పోలిన వేరే కోవకు చెందిన ఏకకణ జీవులు, ముందుంటున్నాయని కనుగొన్నారు. 2015లో నెదర్లాండ్స్‌లోని నైమేగన్ పరిశోధకులు, వారింగ్‌టన్ కుమారుడు రెండు జీవులకు పంచిపెట్టిన రెండు అంచెలనూ ఒంటరిగా పూర్తిచేసే నైట్రోస్పైరా రకాలను ప్రకటించారు. అవి దొరికింది, అతని తండ్రి పాత్రలోని గోల్డ్ ఫిష్‌కు దగ్గరి బంధువైన కార్ప్ చేపలను పెంచే తొట్ల ఫిల్టరులో.