రాయి పుట్టని సీమలో రాతి కోత

కృష్ణానది వేలయేండ్లుగా మోసితెచ్చి పోసిన ఒండ్రుమట్టిమీద వెలసిన తెనాలి, రేపల్లె సీమలయందు గాని, వానికి దక్షిణమున ఇసుకదిబ్బలును, మడ అడవులును, ఉప్పుటేఱులును కలగలసియున్న నిజాంపట్నం తీరమునందు గాని, గునపము పట్టి ఎంత లోతు త్రవ్వినను చేతికందునది మన్నో ఇసుకయో తప్ప రాయి కాదు. వరిపైరునకు ఇంతకు మించిన నేల లేదు. ఇల్లు కట్టువానికి మాత్రము ఇది పెద్దపరీక్ష. ఇల్లాలు పప్పు రుబ్బుకొను పొత్రము మొదలుకొని కోవెల గర్భాలయపు గడప వఱకు ఇచ్చటి ప్రతి రాయియు ఎక్కడనో పుట్టి, పడవలోనో బండిమీదనో రైలులోనో లారీలోనో ఇచ్చటికి చేరినదే. అట్టి సీమలో రాతిపనికి చరిత్ర యేమున్నదని తోచవచ్చును గాని, దూరమునుండి తెచ్చి వెలపోసి కొన్న రాయి గనుకనే దానిని వృథాపోనీయక, అంచు చెడనీయక కోయు నేర్పు ఇచ్చట మిక్కిలి విలువ గలదయ్యెను. ఆ నేర్పు ఉలినుండి, నీటితడితో పలకను కోయు నీటిరంపమునకు వచ్చిన దారి రెండువేలయేండ్లకు పైబడినది.

దారి మొదలు తెలియగోరువారు తెనాలి–రేపల్లె రైలుమార్గమున భట్టిప్రోలులో దిగవలెను. 1870లో బాస్వెల్ దొర దృష్టికి వచ్చి, 1892లో అలెగ్జాండరు రే త్రవ్వించిన ఇచ్చటి బౌద్ధస్తూపపు గర్భమున మూడు రాతి భరిణెలును, వానిలో ధాతువులను దాచిన స్ఫటికపు భరిణెలును దొరకెను. రాతి భరిణెలపై చెక్కిన అక్షరములను బ్యూలరు పండితుడు చదివి ప్రకటించెను. వానిలో కుబిరకుడను రాజు పేరున్నది. లిపిశాస్త్రజ్ఞులందరును ఆ లిపిని చూచి మురిసిరి. నా మనస్సు మాత్రము ఎప్పుడును ఆ స్ఫటికము దగ్గఱనే ఆగిపోవును. స్ఫటికము ఇనుపమొనకు లొంగునది కాదు. ఖనిజముల కాఠిన్యమును ఒకటినుండి పదివఱకు లెక్కించు మోస్ పట్టికలో దానిది ఏడవ మెట్టు. సున్నపురాతిలోని కాల్సైటు మూడవ మెట్టుననే నిలిచిపోవును. అట్టి స్ఫటికమును లోపల గుల్లచేసి, వెలుపల నున్నచేసి, మూత సరిగా కూర్చుండునట్లు మలచుటకు దానికంటె గట్టిదైన కురువిందపు పొడియో మఱియే గట్టి రజనో కావలెను. ఆ పొడి చెదరిపోకుండుటకును, రాపిడివేడికి స్ఫటికము పగులకుండుటకును, కొట్టుకొనిపోవలసిన మడ్డి కొట్టుకొనిపోవుటకును నీరు కావలెను. గట్టి రజను, తిరుగు పనిముట్టు, ఎడతెగని తడి: కఠినశిలను లొంగదీయుటకు మానవుడు కనిపెట్టిన ఉపాయమంతయు ఈ మూటిలోనే యిమిడియున్నది. క్రీ. శ. 79లో మరణించిన ప్లినీ అను రోమను పండితుడు పాలరాతిని కోయు విధము వర్ణించుచు, కోయునది నిజమునకు ఇసుకయే యనియు, ఇనుపరంపము దానిని అదిమిపట్టునది మాత్రమే యనియు గుర్తించెను.

స్తూపమునకు పొదిగిన పలకలు పలనాటి సున్నపురాయి. ఆ పలకల కడపటి గతి తలచుకొన్నప్పుడు బాధ కలుగును. పందొమ్మిదవ శతాబ్దిలో కాలువలు, రోడ్లు వేయించిన ఉద్యోగులు స్తూపపు ఇటుకలను రోడ్డుకు పఱచి, పలకలను వెల్లటూరు తూమునకు వాడిరి. రాయి దొరకని సీమలో చేరువనున్న రాయిని విడిచిపెట్టు ఓపిక ఎవరికిని లేకపోయెను. శిల్పము పోయినది, తూము నిలిచినది.

ఇక నిజాంపట్నం మాట. పదునేడవ శతాబ్ది ఆరంభమున ఐరోపావర్తకులు పేటపోలి యని వ్రాసికొన్న రేవు ఇదియే. 1606లో డచ్చివారు ఇచ్చట కొఠీ పెట్టిరి. 1611లో గ్లోబు అను ఆంగ్లేయనౌక ఈ తీరమున ఆగి, వర్తకులను దింపి, మచిలీపట్నమునకు సాగెను. వారిని రప్పించినది చిరువేరు ఎఱుపుతో అద్దిన వస్త్రము. అయితే ఆ వస్త్రవ్యాపారమునకు తోడుగా ఈ కృష్ణాతీరమునుండి మఱియొక సరకును తరలిపోవుచుండెను: కొల్లూరు వజ్రము. కృష్ణకు కుడిగట్టున, నేడు పులిచింతల జలాశయపు నీటి క్రిందబడిన ఆ గనులను ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చూచి, అఱువదివేలమంది స్త్రీపురుషులు, పిల్లలు అందు పనిచేయుచుండిరని వ్రాసెను. అతడు రావల్కొండ యని పేర్కొన్న మఱియొక గనియొద్ద వజ్రములు సానబట్టువారిని గూర్చి చెప్పిన ముచ్చట మన విషయమునకు ఆయువుపట్టు. ఒక్కొక్క పనివానియొద్ద భోజనపు పళ్లెమంత ఉక్కు చక్రమొకటి యుండెడిదట. వజ్రపు పొర యెటు నడచుచున్నదో తెలియువఱకు చక్రముపై ఎడతెగక నీరు పోయుచుండెడివారట. పొర తెలిసిన పిమ్మట నూనెయు, ఖరీదని వెనుదీయక వజ్రపు పొడియు వేయుచుండెడివారట. ఉక్కు చక్రము, నీటిధార, వజ్రపు రజను! నేడు బాపట్లలోనో రేపల్లెలోనో అంగడికి పోయి కొను నీటిరంపములో ఈ మూడు తప్ప ముఖ్యాంగము మఱియొకటి లేదు. నాడు ఆ చక్రము రాజుల కిరీటములకు వజ్రమును మెఱుగుపెట్టెను. నేడు అదే చక్రము సామాన్యుని వంటయింటి నేలకు పలకను కోయుచున్నది.

సామాన్యుని నేల యెప్పుడు రాతినేల అయ్యెను? ఇటీవలి కాలమువఱకు ఈ సీమ యిండ్లలో అధికభాగము మట్టినేలలే. పేడతో అలికి, ముగ్గుపెట్టి, ప్రతి పండుగకును క్రొత్తదనము తెచ్చుకొనుచుండిరి. కలిగినవారు గచ్చు చేయించుకొనిరి. తీరమున ఆల్చిప్పలకు కొఱత లేదు గనుక వానిని కాల్చి గుల్లసున్నము చేసి, ఎద్దు త్రిప్పు గానుగలో ఇసుకతో నూఱి, కరక్కాయ నీరును బెల్లపు నీరును కలిపి, దినములకొలది దిమ్మిసతో కొట్టి నునుపుచేసిన గచ్చు చల్లగాను, కాలికి మెత్తగాను ఉండెడిది. ఉప్పుచెమ్మ మాత్రము దానికి శత్రువు. ఈ తీరపు నేలలో ఏటేట క్రిందినుండి పైకి ఊరివచ్చు ఉప్పు సున్నమును పొరలుపొరలుగా లేపివేయుచుండుటచే, రాయి పఱపించుకొనవలెనను కోరిక ఇచ్చట ఊరక డాంబికమువలన పుట్టినది కాదు.

రాయి వచ్చుటకు దారి దొరకినది కాలువలతోనే. 1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టవలన పుట్టిన కాలువలు పైరునకు నీరిచ్చుటతోపాటు పడవలకు దారులైనవి. కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగుహాము కాలువతో కలిసి చెన్నపట్టణమువఱకు జలమార్గమును ఏర్పఱచెను. 1916లో గుంటూరు–రేపల్లె రైలు వచ్చెను. పలనాటి నాపరాయి, ఆ తరువాత కడపరాయి, బేతంచెర్ల రాయి, తాండూరు రాయి, షాబాదు రాయి ఒకదానివెంట ఒకటి ఈ డెల్టా నట్టిండ్లకు చేరినవి.

నాపరాయి మంచి గుణము గలది. పొరలుపొరలుగా పుట్టినందున పలకలుగా లేచును. మెత్తని సున్నపురాయి గనుక ఉలిమాట వినును. మేస్త్రి మూలమట్టము పెట్టి బొగ్గుతోనో మేకుమొనతోనో గీటు గీచి, ఆ గీటువెంబడి ఉలితో చిన్నచిన్న దెబ్బలు వేయుచు ఈ కొననుండి ఆ కొనకు పోయి, పలకను బోర్లించి వెనుకవైపునను అట్లే చేసి, గీటు క్రింద మొద్దుంచి సుత్తితో ఒక్కటి వేయగానే రాయి రెండుగా విడిపోవును. ఆ దెబ్బ ధ్వనినిబట్టియే లోపల బీట యున్నదో లేదో చెప్పగలవారుండిరి. అంచు కొంత పళ్లుపళ్లుగా వచ్చుట సహజము. ఆ లోపమును అతుకులో సిమెంటు పూడ్చుచుండెను. ఈ పనికి దుమ్ము స్వల్పము, చప్పుడు స్వల్పము, కాలము మాత్రము హెచ్చు.

పిమ్మట మొజాయికు, ఎఱ్ఱని రెడాక్సైడు గచ్చులు వచ్చిపోయినవి. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన దివిసీమతోపాటు నిజాంపట్నం తీరమునుగూడ ముంచి మట్టిగోడలను, తాటాకు కప్పులను తుడిచిపెట్టిన తరువాత, పక్కాయిల్లు అనునది వైభవము గాక ప్రాణరక్షణయై, కప్పుతోపాటు నేలయు మాఱెను. అటుపై చీమకుర్తి నల్లరాయి, బల్లికురవ గ్రానైటు, గుజరాతులోని మోర్బీనుండి వచ్చు విట్రిఫైడు టైల్సు ఇంటింటికిని చేరినవి.

ఇచ్చటనే ఉలికి కాలము చెల్లెను. అత్యధికమైన వేడిలో కాల్చుటచే ఇంచుమించు గాజువలె బిగిసిపోయిన విట్రిఫైడు పలక తన బరువులో నూటికి అరవంతు నీటినైనను పీల్చదు. ఉలి తగిలినచో గీటు లెక్కచేయక తనకు తోచినట్లు పగులును. దానికి వజ్రమే కావలెను. వజ్రపు పండ్లు గల రాతిరంపము పందొమ్మిదవ శతాబ్దాంతముననే ఫ్రాన్సులో పుట్టినను, అది గనివజ్రము నమ్ముకొన్నంత కాలము చిన్న మేస్త్రికి అందలేదు. 1954 డిసెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో కర్బనమును మహాపీడనమునకును మహోష్ణమునకును లోనుచేసి కృత్రిమవజ్రమును సృష్టించిన తరువాత వజ్రపు రజను చౌకయై, చక్రపు అంచున అద్దుకొని, లోకమంతట వ్యాపించెను. ఒకప్పుడు కొల్లూరులో వేలమంది మట్టి కడిగి వెదకిన పదార్థము నేడు తాపీమేస్త్రి సంచిలో తిరుగుచున్నది.

ఇంతటి ప్రయాణము చేసివచ్చిన పనిముట్టులో మూడవ అంగమైన నీటిని మాత్రము మనము విడిచిపెట్టితిమి. నా దుఃఖమంతయు ఇదియే. నేడు ఏ క్రొత్తయింటికి పోయినను కనబడు దృశ్యమిది: మేస్త్రి గొంతుకూర్చుండి, నాలుగంగుళాల బ్లేడు గల చేతిమిషనును పలకపై నడపుచుండును, అది నిమిషమునకు పదివేల చుట్లకు మించి తిరుగుచు తెల్లని దుమ్మును గదినిండ క్రమ్మించును. కొంత తెలిసినవాడైనచో ఎదుట ఒక కుఱ్ఱవానిని కూర్చుండబెట్టి, మూతకు చిల్లుపెట్టిన నీళ్లసీసా చేతికిచ్చి, "ఆపమాకరా, పొయ్యి!" అని కేకవేయుచుండును. దుమ్ము కొంత అణగును గాని, తడికి తగినట్లు చేయని విద్యుద్యంత్రముపై నీరు పోయుట ప్రాణముతో చెలగాటము. తుండుగుడ్డ ముక్కునకు కట్టుకొన్నను ఆ దుమ్ములోని సిలికా సూక్ష్మరేణువు దానిని లెక్కచేయక ఊపిరితిత్తులలో చేరి, వానిని మచ్చలుకట్టించి గట్టిపఱచును. సిలికోసిస్ అను ఆ వ్యాధికి చికిత్స లేదు. 1948నాటి కర్మాగారముల చట్టము దానిని తెలుపవలసిన రోగముల పట్టికలో చేర్చెను. కాని కట్టుచున్న ఇల్లు కర్మాగారము కాదు గనుక ఆ చట్టపు చూపు ఇచ్చటికి ప్రసరింపలేదు. మన బాపట్ల జిల్లాలోనే మార్టూరు గ్రానైటు కర్మాగారములలో పెద్ద దిమ్మలను ముక్కలుచేయు రంపములు జలధారల క్రిందనే తిరుగుచుండగా, అదే రాయి ఇంటిలోనికి వచ్చునప్పటికి పొడిగా కోయబడుట న్యాయమా?

కావున టైల్సుపనియే వృత్తిగా గల మేస్త్రి నీటిరంపము కొనుట విలాసము కాదు. కొనునప్పుడు మొదట చూడవలసినది మోటారుశక్తి కాదు, కోతపొడవు. ఆరువందల మిల్లీమీటర్ల చదరపు పలకను మూలనుండి మూలకు కోయవలసివచ్చినచో ఆ కర్ణము ఇంచుమించు 850 మిల్లీమీటర్లగును. బల్ల అంతకు తక్కువైనచో ఐమూల పఱపు పఱచు ఇంటిలో అది నిరుపయోగము. ఆరువందలకు పన్నెండువందల పలకలే నేడు వాడుక యగుచున్నందున, పలకను జరపు బల్లకంటె, పలక కదలక బ్లేడే పట్టాలపై నడచు రంపము మేలు; పెద్ద పలక చివర వ్రేలాడి విఱుగకుండును.

బ్లేడు సంగతిలో అనుభవజ్ఞులుగూడ తడబడుచుందురు. గట్టి పలకకు గట్టి బ్లేడని తలంచుట తప్పు. వజ్రపు రజనును పట్టియుంచు లోహపు బిగి, గట్టి పలకకు మెత్తనిదిగా నుండవలెను. అప్పుడు మొద్దుబాఱిన రజను రాలిపోయి క్రొత్త రజను పైకి వచ్చును. మెత్తనిదై గరుకుగా నుండు రాతికి బిగి గట్టిదిగా నుండవలెను; లేనిచో బ్లేడు వారములో అరిగిపోవును. నున్నబాఱి కోయుట మానిన బ్లేడుతో రెండు మూడు మార్లు పాత ఇటుకను కోసినచో దానికి మరల పదును వచ్చును. అంచు పెళుసు లేవకూడని విట్రిఫైడునకు చీలికలులేని నిండు అంచు బ్లేడును, మందమైన గ్రానైటునకు గండ్లు గల బ్లేడును వాడుట పద్ధతి.

ఈ తీరమువారికి ప్రత్యేకముగా చెప్పవలసినవి రెండున్నవి. మొదటిది విద్యుత్తు: ఎర్తింగు లేని ఇంటిలో గాని, 30 మిల్లీయాంపియర్ల లీకేజికి విద్యుత్తును తెగగొట్టు స్విచ్చి లేకుండ గాని నీటిరంపమును ముట్టరాదు. రెండవది నీరు: నిజాంపట్నం చుట్టుప్రక్కల ఊళ్లలో పలుచోట్ల బోరునీరు ఉప్పన, ఆ నీటితో పంపును, బేరింగులను నడపినచో త్రుప్పు ఆలసింపదు. కాలువనీరో కుళాయినీరో డ్రమ్ముతో తెప్పించుకొని, మడ్డి పేరిన తొట్టిని పూటపూటకును కడిగి నింపి, ప్రొద్దుగూకునప్పుడు యంత్రమును మంచినీటితో కడిగి తుడిచి ఆరబెట్టవలెను. ఈ నీటికిని, యంత్రపు అరుగుదలకును అగు వ్యయమును చదరపుటడుగు కూలిలో ఇంటియజమాని ఒప్పందమునాడే చేర్చి వ్రాసికొనవలెను. ఆ భారమును మేస్త్రిపై విడిచినచో అతడు బేరములో ఓడిపోవుదునేమోయని భయపడి తిరిగి చేతిమిషనునే సంచిలో పెట్టుకొని వచ్చును.