దేవదానవుల ప్రణయహాస్యము



దేవతలకును రాక్షసులకును వలపులు కల్పించి నవ్వించు చిత్రకథలను నేటి పడుచువారు వేడుకతో చదువుచున్నారనియు, అందలి బొమ్మలు సిగ్గుగొల్పునవనియు, అట్టి పుస్తకములను ఇంట చేరనీయరాదనియు మా ప్రాంతపు పెద్దలు పలువురు నాతో అనియున్నారు. ముప్పదియైదేండ్లు బడిలో పాఠము చెప్పినవాడను గనుక వారి బెంగ నాకు తెలియును. కాని నిషేధించుటకు ముందు ఆ కథలకు అంతటి ఆకర్షణ ఎచటినుండి వచ్చినదో విచారింపవలదా?

అట్టి చిత్రకథ ఎట్లుండునో ముందు చెప్పెదను. జపాను దేశమున రుమికో తకహాషి అను రచయిత్రి 1978లో మొదలిడి 1987 వరకు ఒక వారపత్రికలో నడిపిన ‘ఉరుసెయి యత్సురా’ ఈ తెగలో పేరుగన్నది. నాయిక పేరు లమ్. ఓని యనబడు జాతి కన్య. ఆ ఓనులు మన రాక్షసులను పోలినవారు. తలపై చిన్నకొమ్ములు, ఒంటిపై పులితోలు తునకలు. (పులితోలు మన శివునకును ఇష్టమైనదే గదా!) ఆమె ఒక పందెమున కుర్రవాని చేతిలో ఓడి, అతడు మరియొక పిల్లను తలచికొని పలికిన పెండ్లిమాటను తనకే అన్నాడని అపార్థము చేసికొని, అతనిని విడువక వెంబడించును. వాడు పరకాంతలవైపు చూచినపుడెల్ల మెరుపుదెబ్బ కొట్టును. కథ యంతయు ఇదియే. బొమ్మ కన్ను లాగుచున్నమాట నిజమే. కాని చదువరిని కడవరకు నిలుపునది మాత్రము ఆ అపార్థమును, ఆ దెబ్బలును.

ఇది పరదేశపు వింత యనుకొందురేమో. గౌతమీ వసిష్ఠ పాయల నడుమ, ఆత్రేయపురమునకు చేరువ, ర్యాలి యను గ్రామము కలదు. పూతరేకులకై ఆత్రేయపురము పోవువారు ఇంకొంత దూరము పోయిన జగన్మోహినీ కేశవస్వామిని దర్శింపవచ్చును. విగ్రహము ముందువైపు కేశవుడు, వెనుకవైపు కొప్పు దీర్చిన మోహిని. ఆ గుడి కెదురుగ ఉమాకమండలేశ్వరుని ఆలయము.

భాగవతము అష్టమస్కంధమున ఈ మోహిని చరిత్ర మీరు వినియే యుందురు. అమృతకలశమునకై తమలో తాము తగవులాడుకొనుచున్న దానవులు ఆమెను కాంచి, నీవే పంచిపెట్టుమనిరి. ఆమె, నావంటి స్వైరిణిని నమ్మవచ్చునా యని అడిగినది. ఆ మాట పరిహాసమని తలచి వారు నవ్విరి. నవ్వి మరింత నమ్మి కలశము చేతికిచ్చిరి. నిజము చెప్పియే మోసగించుట! ఇంతకంటె నేర్పుగల హాస్యఘట్టము ఏ నాటకకర్త కల్పింపగలడు? పిమ్మట శివుడు ఆ రూపమును తానును చూడగోరెను. బంతి ఆడుచున్న మోహినిని కని, పార్వతి చూచుచుండగనే పరుగుదీసెను. ఆ పరుగులో మోహిని జడనుండి పువ్వొకటి రాలిన చోటు కావున ‘ర్యాలి’ యను పేరు వచ్చినదని స్థలపురాణము. వ్యాకరణము ఇందుల కొప్పునో లేదో నేను తగవు పెట్టను. దానవులు మోసపోయిన కథను, దేవదేవుడు మోహపడిన కథను కలిపి మన పెద్దలు గుడి కట్టి పూజించినారన్నదే నాకు కావలసినది.

దశమస్కంధమున ఉషాపరిణయము కలదు. దైత్యరాజగు బాణుని కూతురు కలలో ఒక చక్కనివానిని చూచినది. పేరు తెలియదు, ఊరు తెలియదు. చెలికత్తె చిత్రలేఖ దేవతలను, గంధర్వులను, మనుజులను వరుసగా బొమ్మలు వ్రాసి చూపగా, శ్రీకృష్ణుని మనుమడగు అనిరుద్ధుని బొమ్మవద్ద ఉష తలవంచినది. బొమ్మలు చూచుచు వలపు తెలిసికొన్న దైత్యకన్య! చిత్రకథ యను మాటకు ఇంతకు మించిన యర్థమేమి కలదు? నిద్రించుచున్న ప్రియుని ఎత్తుకొని తెచ్చినదియు ఆ చెలికత్తెయే.

భరతముని శృంగారమునుండి హాస్యము పుట్టుననెను. శృంగారమును అనుకరించినచో హాస్యమగునని ఆయన లక్షణము. రాక్షసుడు ప్రేమికుడైన క్షణముననే ఆ అనుకరణము దానంతట నదియే ఏర్పడుచున్నది. కోరలుగలవాడు సిగ్గుపడినచో ఎవ్వరికి నవ్వురాదు?

దీనికి సాక్ష్యము ‘మాయాబజారు’. వ్యాసభారతమున అభిమన్యునకు భార్య ఉత్తర యొక్కతెయే. శశిరేఖ జనులు కల్పించుకొన్న పిల్ల. సురభివారు ఈ కథను రంగస్థలముపై మెప్పించిరి. 1936లో చలనచిత్రము వచ్చెను. 1957 మార్చి 27న విజయావారి చిత్రము వెలువడెను. కె. వి. రెడ్డిగారు దర్శకులు, పింగళి నాగేంద్రరావుగారు రచయిత. నిర్మాతలగు నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947 జూలైలో ‘చందమామ’ను స్థాపించి ఇంటింటి పిల్లలకు రాక్షసులను చుట్టములుగా చేసినవారు. ఘటోత్కచుడు కన్యరూపు దాల్చి శశిరేఖకు బదులుగా పెండ్లికూతురగును. సావిత్రి ఆ మాయాశశిరేఖయై ఆడుదాని యొడలిలో మగరాక్షసుని నడకను, చూపును ఎట్లు నిలిపినదో చూచినవారు మరువరు. వరుడగు లక్ష్మణకుమారుడు రేలంగి, ఘటోత్కచుడు ఎస్. వి. రంగారావు. వీరిరువురును కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములలో ఆరితేరినవారే. రేలంగి తొలుత ఆడువేషములు కూడ కట్టినాడు. వలపును, కపటవేషమును, రాక్షసుని ముగ్ధత్వమును కలిపిన ఆ పెండ్లిలో ఒక్క అసభ్యమైన బొమ్మయు లేదు. అయినను జనము దానిని మరల మరల చూచినారు.

కావున చిత్రకథలలో ఒట్టి అవయవములను చూపి కాసులు తీసికొనునవి యున్నచో వానిని నేను వెనకేసుకొని రాను. అందు నవ్వు లేదు, చదువరికి రెండవమారు తెరువ బుద్ధి పుట్టదు. కాని సిగ్గుగొల్పునది యను ఒక్క మాటతో పుస్తకమును కాల్చుట మన గోదావరి తీరమున లోగడ జరిగిన తీర్పులను గుర్తునకు తెచ్చును. తంజావూరి ముద్దుపళని వ్రాసిన ‘రాధికాసాంత్వనము’ను రాజమహేంద్రవరపు మహనీయుడు కందుకూరి వీరేశలింగము పంతులుగారు మిక్కిలి నిందించిరి. సంఘసంస్కరణమున ఆయనకు నేను నమస్కరింతును. ఈ తీర్పున మాత్రము కాదు. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో దానిని అచ్చువేయింపగా దొరతనమువారు నిషేధించిరి. ఒకప్పుడు రాజమహేంద్రవరపు పురపాలక సంఘాధ్యక్షుడుగా నుండిన టంగుటూరి ప్రకాశముగారు మద్రాసు రాష్ట్ర ప్రధానియైన పిమ్మట ఆయన చొరవతో ఆ నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు మరల ప్రకటించిరి. ఆ కావ్యము చదివి ఏ ఊరైన చెడిపోయినదని నేనెచటను వినియుండలేదు.