సముద్రం దాటి వచ్చిన కట్టుగుడ్డలు

పిఠాపురం మిషనాసుపత్రి చరిత్ర రాసేవారు ముందుగా డాక్టర్ల పేర్లు చెబుతారు. అది న్యాయమే. కానీ ఆ ఆసుపత్రి బీరువాల్లోని కట్టుగుడ్డ ఎవరు చింపి చుట్టారో, పురిటిబిడ్డకు తొడిగిన చొక్కా ఎవరు కుట్టారో చెప్పకుండా వదిలేస్తే ఆ చరిత్రలో సగం చెప్పనట్టే.

ఆ ఆసుపత్రిని నడిపిన కెనడా బాప్టిస్టు మిషనుకు మొదటి పిలుపు ఇక్కడి నుంచే వెళ్లింది. టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం చేసిన థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు కాకినాడ ప్రాంతంలో సొంతంగా మతప్రచారం మొదలుపెట్టాడు. డబ్బుకు కటకటలాడుతున్నా పని వదల్లేదు. దాన్ని తీసుకొని నడపమని కెనడా బాప్టిస్టులను కోరింది ఆయనే. ఆ కోరిక మీదనే జాన్ మెక్లారిన్ 1874 మార్చిలో కాకినాడ చేరాడు. గాబ్రియేల్ ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదు. కెనడా మిషను కథను విదేశీయుల రాకతో మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది. ఈ తెలుగువాడితో మొదలుపెట్టడమే సరైన పద్ధతి.

అక్కడ, కెనడాలో, ఈ పనికి ఊపిరి పోసింది ఆడవాళ్లు. నోవా స్కోషియాలో హన్నా మరియా నోరిస్ అనే యువతి 1870లో ఊరూరా తిరిగి మహిళా సహాయ సంఘాలు పెట్టింది. 1876లో ఒంటారియోలోనూ అలాంటి సంఘాలు వెలిశాయి. సెలవు మీద స్వదేశం వెళ్లిన మిషనరీ టింపనీ వాటికి గట్టిగా ప్రోత్సాహమిచ్చాడు. ఇంటి ఖర్చుల్లో మిగిల్చిన చిల్లరే ఆ సంఘాల మూలధనం. తర్వాతి కాలంలో చిల్లరతో పాటు చేతిపని కూడా కలిసింది. దానికి 'వైట్ క్రాస్' అని పేరు.

ఆ పని తీరు చెప్పుకోదగ్గది. పాత నూలు దుప్పట్లు పోగుచేసి, ఉతికి, ఉడకబెట్టి, ఆరేసేవారు. పడుగు వెంట రెండు మూడు అంగుళాల వెడల్పున చింపేవారు. అంచుల్లో వేలాడే దారప్పోగులు ఒక్కొక్కటీ లాగేసేవారు. ఒక్క పోగు మిగిలినా పుండుకు అంటుకుంటుంది. ఆ తర్వాత గట్టిగా చుట్టి, కొస ఊడకుండా పిన్ను పెట్టేవారు. గట్టిగా చుట్టకపోతే కట్టేటప్పుడు నర్సు చేతిలో జారిపోతుంది. పసిపిల్లల చొక్కాలు, ఆసుపత్రి గౌన్లు, అతుకుల దుప్పట్లు కూడా ఇలాగే తయారై పెట్టెల్లోకి వెళ్లేవి. మంచు కురిసే ఊళ్లలో కూర్చుని, పేరైనా సరిగ్గా పలకలేని ఊరి కోసం ఆ ఆడవాళ్లు ఇంత శ్రద్ధ పెట్టారు.

ఇక్కడ ఆ గుడ్డకు పని తక్కువేమీ కాదు. మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికి సంకోచించే స్త్రీల కోసం డాక్టర్ జెస్సీ అలిన్ పిఠాపురంలో ఏళ్ల తరబడి వైద్యం చేశారు. రామచంద్రపురంలో ఇసబెల్ హాచ్ కుష్ఠురోగుల కోసం ఆశ్రమం నడిపారు. కుష్ఠు పుండు ఒక కట్టుతో మానేది కాదు. విప్పి, కడిగి, మళ్లీ కట్టాలి. అలా రోజుల తరబడి. కట్టుగుడ్డ ఎంత వచ్చినా చాలదు. పెట్టె రావడం ఒక ఎత్తు, దాన్ని రోగి ఒంటి దాకా చేర్చే ఆయాలు, డ్రెస్సర్లు, నర్సులు ఉండడం మరో ఎత్తు.

స్వాతంత్ర్యం తర్వాత గుడ్డతో పాటు తిండి కూడా వచ్చింది. 1951లో భారత్, అమెరికాల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం స్వచ్ఛంద సంస్థలు పంపే సహాయ సామగ్రికి సుంకం లేదు. రేవు నుంచి ఊరి దాకా రవాణా ఖర్చు మన ప్రభుత్వమే పెట్టుకుంది. ఆ ఏర్పాటు వల్లే పాలపొడి, గోధుమరవ్వ, నూనె డబ్బాలు బడులకూ పిల్లల వసతి గృహాలకూ చేరాయి. సంచుల మీద కలిపిన రెండు చేతుల బొమ్మ, 'అమ్మరాదు, మార్చుకోరాదు' అని ఇంగ్లీషులో హెచ్చరిక. పాలపొడిని నేరుగా వేడినీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. ముందు కొద్ది చల్లనీళ్లతో ముద్దగా కలుపుకొని, ఆపైన గంగాళంలోకి దించాలి. వరన్నానికి అలవాటుపడ్డ గోదావరి పిల్లలకు ఆ గోధుమరవ్వను ఉప్మాగా చేసి పెట్టారు. ఖాళీ సంచులు సైతం చేతిసంచులుగానో నిక్కర్లుగానో మారిపోయేవి.

ఇదంతా చెప్పి, పిఠాపురం సంస్థానం మాట మరచిపోతే పొరపాటు. మహారాజా సూర్యారావు బహద్దూర్ కాకినాడలో అనాథ శరణాలయాన్ని నెలకొల్పి పోషించారు. ఆయన గురువు రఘుపతి వేంకటరత్నం నాయుడు కాకినాడ పి.ఆర్. కాలేజీ ప్రిన్సిపాలుగా దళిత విద్యార్థులను చేరదీసిన మనిషి. ఆ శరణాలయం నడిచింది ఈ నేల డబ్బుతోనే. బయటి పెట్టెల కోసం ఎదురుచూడకుండానే అనాథను ఆదుకోవచ్చని ఆ రోజుల్లోనే మన దగ్గర నిరూపణ అయింది. విదేశీ సాయాన్ని మెచ్చుకుంటూ దీన్ని పక్కన పెట్టేయడం తగదు.

సాయం రూపం కూడా మారుతూ వచ్చింది. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ చేస్తున్న శుక్లాల ఆపరేషన్లకు డబ్బు పోగుచేయాలని కెనడాలోని కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెన్కిన్స్ పూనుకున్నాడు. 1963లో ఆ పూనికతోనే ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. ఒక ఆపరేషనుకు ఇరవై అయిదు డాలర్లు అన్న లెక్క దాతకు ఇట్టే అర్థమయ్యేది. పెట్టె బదులు చెక్కు. ఇప్పుడు విదేశీ విరాళాలకు చట్టం ఉంది. 1976లో వచ్చిన దాని స్థానంలో 2010లో కొత్తది వచ్చింది. డబ్బే కాదు, వస్తువులు కూడా దాని పరిధిలోకే వస్తాయి. 2020 సవరణతో విదేశీ సొమ్మంతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖ ఖాతాలోకి ముందుగా రావాలి. ఓడలో పెట్టె పంపిన రోజులు ఇక రావు.

అందుకే ఒక విన్నపం. ఆ కట్టుగుడ్డలు రోగులకు చేర్చిన ఆయాల, పాలు కలిపిన వంటవాళ్ల పిల్లలు, మనుమలు పిఠాపురం చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ల ఇళ్లలోని పాత ఫొటోలు, సర్టిఫికెట్లు, జీతాల పుస్తకాలు తెచ్చిస్తే ప్రతులు తీసుకొని తిరిగి ఇచ్చేయవచ్చు. పెద్దవాళ్లు మాట్లాడగలిగిన రోజుల్లోనే వాళ్ల మాటలు రికార్డు చేయాలి. ఆసుపత్రి చరిత్రలో డాక్టర్ల పేర్ల పక్కన వాళ్ల పేర్లు అచ్చు కావాలి.