ఆస్ట్రో బాయ్: లక్ష హార్స్‌పవర్ బలమున్నా.. మొదట చేసింది రాయబారమే! జపాన్ రోబో హీరోల క్రేజ్ వెనుక అసలు కథ ఇదీ

చూడ్డానికి స్కూలుకెళ్లే పిల్లాడు. కానీ గాల్లో ఎగురుతాడు, లక్ష హార్స్‌పవర్ బలం ఉంటుంది. ఆస్ట్రో బాయ్‌గా ప్రపంచానికి తెలిసిన ఈ రోబోకు జపాన్‌లో పేరు 'తెత్సువాన్ ఆటమ్'. అంటే ఇనుప చేతుల ఆటమ్ అని అర్థం. మాంగా.. అంటే జపాన్ కామిక్స్‌లో పుట్టి 70 ఏళ్లు దాటినా ఇతగాడి క్రేజ్ తగ్గలేదు. ఆటమ్ తర్వాత వచ్చిన సైన్స్ ఫిక్షన్ హీరోలదీ అదే దారి. ఇంతకీ వీళ్లలో అంత ప్రత్యేకత ఏంటి? బలం ఉన్న హీరోలు చాలామందే ఉన్నారు. ఆ బలం ఎవరి చేతిలో ఉండాలి అని అడిగిన కథలు మాత్రం ఇవే.

తండ్రే అమ్మేసిన కొడుకు

ఆటమ్‌ సృష్టికర్త ఒసాము తెజుకా. 1928లో పుట్టారు. యుద్ధకాలంలో విద్యార్థిగా ఒసాకాలోని ఫ్యాక్టరీలో పనిచేస్తూ, 1945 నాటి బాంబు దాడుల నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. డాక్టర్ చదువు చదివినా బొమ్మల కథలే ఆయన జీవితమయ్యాయి.

1951లో 'షోనెన్' పత్రికలో వచ్చిన 'ఆటమ్ తైషి' కథలో ఆటమ్ తొలిసారి కనిపిస్తాడు. తైషి అంటే రాయబారి. అచ్చం మనుషుల్లాగే ఉండే గ్రహాంతరవాసులకు, భూమ్మీది వాళ్లకు గొడవ ముదురుతుంది. ఎవరి పక్షమూ కాని ఆటమ్‌ మధ్యవర్తిగా వెళ్తాడు. మరుసటి ఏడాది అతని పేరుతోనే మొదలైన సీరియల్ 1968 వరకు నడిచింది.

అతని పుట్టుక కూడా విషాదమే. కారు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న డాక్టర్ తెన్మా, అదే రూపంలో ఆటమ్‌ను తయారు చేస్తాడు. అయితే రోబో ఎత్తు పెరగదు కదా! ఆ కోపంతో సర్కస్‌కు అమ్మేస్తాడు. చివరికి ప్రొఫెసర్ ఒచానోమిజు అతన్ని చేరదీస్తాడు. తనను సమానంగా చూడని మనుషుల్నే కాపాడాల్సి రావడం.. పాఠకుల మనసుకు తగిలింది అక్కడే.

రిమోట్ ఎవరి చేతిలో ఉంటే..

1956లో మిత్సుతెరు యొకొయామా 'తెత్సుజిన్ 28'తో మరో అడుగు వేశారు. ఇది యుద్ధం కోసం తయారైన భారీ రోబో. దానికి సొంత ఆలోచన లేదు. రిమోట్ బాల డిటెక్టివ్ షోతారో దగ్గరుంటే రక్షకుడు, దొంగల చేతికి చిక్కితే అదే రాక్షసి!

1964లో షోతారో ఇషినోమోరి 'సైబోర్గ్ 009' తెచ్చారు. 'బ్లాక్ ఘోస్ట్' అనే ఆయుధ వ్యాపారుల ముఠా వేర్వేరు దేశాలకు చెందిన తొమ్మిది మందిని ఎత్తుకెళ్లి సగం యంత్రాలుగా మారుస్తుంది. వాళ్లు తమను తయారు చేసిన వాళ్లపైనే తిరగబడతారు. అంటే ఈసారి ఆయుధమే ఎదురుతిరిగిందన్నమాట.

విలన్‌కు కూడా పగ లేదు

ఈ కథలన్నింటిలో 1964-65 నాటి ఆటమ్ కథ ఒకటి చాలా ప్రత్యేకం. ప్రపంచంలోని ఏడు బలమైన రోబోలను నాశనం చేయమని ఒక సుల్తాన్ 'ప్లూటో'ను పంపిస్తాడు. ప్లూటోకు ఎవరిమీదా పగ లేదు, ఆజ్ఞ పాటించడమే దాని పని. ఆటమ్ తన బలాన్ని పది లక్షల హార్స్‌పవర్‌కు పెంచుకుంటాడు. అయినా సమస్య తీరదు. ఇదే కథను నవోకి ఉరసావా 2003 నుంచి 2009 వరకు 'ప్లూటో' పేరుతో పెద్దల కోసం మళ్లీ రాశారు. 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్‌గానూ వచ్చింది.

సూర్యుడిలోకి దూకిన హీరో

1963 జనవరి 1న ఆటమ్ టీవీలోకి వచ్చాడు. అదే ఏడాది ఆస్ట్రో బాయ్‌గా అమెరికా చేరాడు. 193 ఎపిసోడ్ల తర్వాత, 1966 డిసెంబర్ 31న వచ్చిన చివరి ఎపిసోడ్‌లో భూమిని కాపాడేందుకు సూర్యుడిలోకి దూసుకెళ్తాడు.

జపాన్ మాత్రం అతన్ని వదులుకోలేదు. కథలో ఆటమ్ పుట్టిన తేదీ 2003 ఏప్రిల్ 7. ఆ ఏడాది సైతామాలోని నీజా నగరం అతన్ని తమ పౌరుడిగా నమోదు చేసుకుంది. కథ ప్రకారం అతను పుట్టిన చోటు టోక్యోలోని తకదనోబాబా. అక్కడి స్టేషన్‌లో రైలు కదిలే ముందు వినిపించేది ఆటమ్ పాట ట్యూనే!